ఇనుప శిలువ అసలుదేనా? జర్మన్ యుద్ధ పతకాలు, సంతకాల సేకరణలో చిక్కుముడులు

1983 ఏప్రిల్ 25న హాంబర్గ్‌లో ష్టెర్న్ పత్రిక హిట్లర్ డైరీలు తమకు దొరికాయని ప్రకటించింది. అరవైకి పైగా సంపుటాలు. వాటి కోసం పోసిన డబ్బు సుమారు 93 లక్షల మార్కులు. రెండు వారాలు తిరక్కుండానే, మే 6న, అవన్నీ నకిలీవని పశ్చిమ జర్మనీ ఫెడరల్ ఆర్కైవ్స్ తేల్చేసింది. రాసినవాడు కొన్రాడ్ కుయావ్, స్టుట్‌గార్ట్‌లో సైనిక వస్తువులు అమ్ముకునే వ్యాపారి.

ఇందులో అసలు విశేషం వేరే ఉంది. పత్రిక అంతకుముందే చేతిరాత నిపుణుల చేత పరీక్ష చేయించింది. వాళ్ళు రాత సరిపోయిందన్నారు. నిజంగానే సరిపోయింది, ఎందుకంటే ‘ఇదిగో హిట్లర్ అసలు రాత’ అని పోలిక కోసం వాళ్ళ చేతికిచ్చిన కాగితాల్లో కొన్ని కూడా కుయావ్ రాసినవే. గీటురాయే నకిలీదైతే కంసాలి ఏం చేస్తాడు? చివరికి దొంగని పట్టిచ్చింది రాత కాదు, కాగితం. అతినీలలోహిత దీపం కింద అది తెల్లగా మెరిసింది. కాగితానికి ఆ మెరుపునిచ్చే రసాయనం యుద్ధం ముగిశాకే వాడుకలోకి వచ్చింది.

జర్మన్ యుద్ధకాలపు పతకాలు, హెల్మెట్లు, పత్రాలు, మాజీ సైనికుల సంతకాలు సేకరించేవాళ్ళు ఈ ఉదంతాన్ని రెండు ప్రశ్నలుగా గుర్తుపెట్టుకుంటే చాలావరకు బయటపడతారు. నువ్వు దేనితో పోల్చి చూస్తున్నావు, అదెక్కడిది? ఈ వస్తువు చెబుతున్న తేదీకి ఇందులోని పదార్థం, ఈ మనిషి, ఈ చిరునామా ఉండటానికి వీలుందా? మూడో ప్రశ్న, అంటే ‘అమ్మేవాడు చెప్పే కథ నమ్మొచ్చా’ అన్నది, అడగాల్సిన పనే లేదు. తాతగారు బెర్లిన్ నుంచి తెచ్చిన సంగతీ, అమెరికన్ సైనికుడి అటక మీద దొరికిన ట్రంకుపెట్టె సంగతీ ఈ బజారులో వస్తువుతోపాటు ఉచితంగా వస్తాయి.

ఒకే అచ్చు, నాలుగు పుట్టుకలు

ఐరన్ క్రాస్, అంటే ఇనుప శిలువ, దగ్గర మొదలుపెడదాం. ఎక్కువగా దొరికేదీ, కొత్తవాళ్ళు మొదట కొనేదీ అదే. 1813 మార్చిలో ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ నెలకొల్పాడు. 1870లో, 1914లో, తిరిగి 1939 సెప్టెంబర్ 1న పునరుద్ధరించారు. రెండో ప్రపంచ యుద్ధంలో రెండో తరగతి శిలువను ఇరవై లక్షలమందికి పైగా ఇచ్చారు. దానికి పై తరగతి అయిన నైట్స్ క్రాస్ దక్కింది మాత్రం సుమారు 7,300 మందికి. ధరలో తేడా కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. కాబట్టి నకిలీ చేసేవాడి కన్ను ఎటువైపు ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు చేతికొచ్చిన శిలువ నాలుగింటిలో ఏదో ఒకటి అయివుంటుంది. మొదటిది 1945 మేకి ముందు తయారైనది. రెండోది 1957 నాటిది. ఆ ఏడాది పశ్చిమ జర్మనీ ఒక చట్టం చేసి, పాత సైనికులు యుద్ధకాలపు పతకాలను స్వస్తిక్ గుర్తు లేకుండా ధరించవచ్చని అనుమతించింది. అప్పుడు వచ్చిన ఐరన్ క్రాస్‌లో స్వస్తిక్ చోట మూడు ఓక్ ఆకులుంటాయి. అది నకిలీ కాదు, చట్టబద్ధమైన మరో రూపం. మూడోది యుద్ధం తర్వాత పాత అచ్చులతోనే, కొన్నిసార్లు పాత కంపెనీలోనే, పాత స్వస్తిక్ రూపంలో కొట్టినది. నాలుగోది ఎవరో ఎక్కడో పోతపోసిన శుద్ధ నకలు.

నాలుగోదాన్ని పట్టుకోవడం తేలిక. తల తినేది మూడోది. లూడెన్‌షైడ్‌లోని స్టైన్‌హావర్ ఉంట్ ల్యూక్ యుద్ధంలోనూ పతకాలు చేసింది, 1957 తర్వాతా చేసింది. అచ్చు వాడేకొద్దీ అరుగుతుంది, దాని మీద పగుళ్ళు పడతాయి, ఆ పగుళ్ళు ప్రతి శిలువ అంచు మీదా సన్నని గీతలుగా దిగుతాయి. ఈ కంపెనీ నైట్స్ క్రాస్‌లలో అలాంటి గీతలున్నవి యుద్ధం చివర్లో కొట్టినవా, తర్వాత కొట్టినవా అని సేకరణదారులు ఏళ్ళ తరబడి వాదులాడుకున్నారు. రెండు వైపులా తెలివైనవాళ్ళే ఉన్నారు. కొత్తవాళ్ళు ఆ వాదంలోకి డబ్బుతో దిగకపోవడమే మేలు. వియన్నాలోని రుడాల్ఫ్ సువాల్ సంస్థదీ ఇదే బాపతు. యుద్ధం తర్వాత సేకరణదారుల కోసమే పాత నమూనాలు కొట్టి అమ్మింది.

అసలు శిలువ ఎలా కట్టారో తెలిస్తే పరీక్ష దానంతటదే వస్తుంది. మామూలు ఐరన్ క్రాస్ మూడు ముక్కలు. మధ్యలో నల్లరంగు వేసిన ఇనుప పలక, దానికి ముందూ వెనకా రెండు వెండి చట్రాలు. ఆ రెండు చట్రాలనూ అంచు దగ్గర టంకం పెట్టి అతికిస్తారు. అందుకని పక్క నుంచి చూస్తే చుట్టూ అతుకు గీత ఉండాలి. దాన్ని ఆకురాయితో సాపుచేస్తారు గనుక కొన్నిచోట్ల కనపడీ కనపడనట్టు ఉంటుంది, కానీ పదిరెట్ల భూతద్దం కింద పూర్తిగా మాయం కాదు. ఒకే ముక్కగా పోసిన నకలుకు ఆ అతుకు ఉండదు, లేదా నటనకి గీసిన గాడి ఉంటుంది. 1939 నమూనా వెడల్పు 44 మిల్లీమీటర్లు, 1914 నమూనా 42. వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. అసలు వస్తువునే అచ్చుగా వాడి పోతపోస్తే లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి నకలు కాస్త చిన్నదవుతుంది. అంకెల అంచులు కూడా నానిపోయిన సబ్బులా మెత్తబడతాయి.

అయస్కాంతం అందరూ చెప్పే పరీక్ష. మధ్య పలక ఇనుము గనుక అంటుకోవాలి. నిజమే, కానీ మొదట్లో వచ్చిన కొన్ని శిలువల్లో పలక ఇత్తడిది. సన్నని చేతులతో ఉండే షింకెల్ ఆకారపు తొలి శిలువల్లో అలాంటివి కనిపిస్తాయి. అయస్కాంతం పట్టలేదని అరుదైనదాన్ని పారేసినవాళ్ళున్నారు. పట్టింది కదా అని పోతబొమ్మని కొన్నవాళ్ళు అంతకంటే ఎక్కువమంది. నకలు చేసేవాడికీ ఇనుము దొరుకుతుంది మరి. 1957 శిలువలోంచి ఓక్ ఆకుల పలక తీసి, స్వస్తిక్ పలక పెట్టి, చట్రాన్ని తిరిగి అతికించడం కూడా ఉంది. అప్పుడు చట్రం నిజంగానే పాత కంపెనీది, కొలతలు సరిపోతాయి, అయస్కాంతమూ అంటుకుంటుంది. దొరికిపోయేది అతుకు దగ్గరే. తాజా టంకం, పలక అంచున ఒలికిన కొత్త నల్లరంగు కనిపిస్తాయి.

రెండో తరగతి శిలువకు పైన రిబ్బన్ కోసం ఉండే రింగు మీద ఒక్కోసారి చిన్న అంకె ఉంటుంది. అది ప్రభుత్వానికి సరఫరా చేసే కంపెనీకి ఇచ్చిన సంఖ్య: 4 అంటే స్టైన్‌హావర్, 3 అంటే డ్యూమర్, 65 అంటే క్లైన్ ఉంట్ క్వెంట్సర్, 100 అంటే వెక్ట్‌లర్ ఉంట్ లాంగె. చిల్లరగా దుకాణాల్లో అమ్మేవాటికి ఇంకో వరుస ఉంది, ఎల్ అక్షరం, గీత, అంకె. అందులో అదే స్టైన్‌హావర్ సంఖ్య 16, డ్యూమర్‌ది 11. రెండు వరుసలనీ కలగాపులగం చేసిన గుర్తు కనిపిస్తే అనుమానించాలి. గుర్తే లేకపోతే కంగారుపడనక్కర్లేదు, అసలు శిలువల్లో గుర్తులేనివి బోలెడు. అంకె కొట్టడం నకిలీదారుకి అయిదు నిమిషాల పని. ప్రతి కంపెనీకి తేదీ అంకెలు చెక్కే తీరు వేరు. 1939లో 3 తలకట్టు, 9 తోక ఆ కంపెనీ అలవాటు ప్రకారం ఉన్నాయా అని చూడటం గుర్తుని నమ్మడంకంటే గట్టి పని. ఆ అలవాటు తెలియాలంటే పోల్చే నమూనా మ్యూజియంలోదో, సైనికుడి కుటుంబం నుంచి పత్రాలతో సహా వచ్చిందో కావాలి. అంతర్జాలంలో ఎవరో పెట్టిన ఫొటోతో పోల్చడమంటే కుయావ్ కాగితాన్ని కుయావ్ కాగితంతో పోల్చినట్టే.

లోహం చెప్పే తేదీ

యుద్ధం సాగేకొద్దీ జర్మనీకి రాగి, నికెల్ కరువయ్యాయి. పతకాల్లో అది చదవొచ్చు. మొదట్లో బ్యాడ్జీలు టాంబాక్ అనే రాగి-జింక్ మిశ్రమంలో వచ్చాయి. తర్వాత్తర్వాత చవక జింక్‌కు దిగారు. జింక్ మీద వేసిన వెండి, బంగారు పూత నిలవదు. ఎనభై ఏళ్ళ తర్వాత బూడిదరంగులోకి తిరిగి, అక్కడక్కడా చిన్న బొబ్బలు లేస్తుంది. అందుకే యుద్ధం చివరి జింక్ బ్యాడ్జీ మీద పూత గిల్టునగలా ధగధగలాడుతుంటే సంతోషించాల్సింది అమ్మేవాడే. ఇలాంటి బ్యాడ్జీని పాలిష్ పెట్టి తోమితే విలువ సగానికి సగం పోతుంది, పోయింది తిరిగి రాదు.

గాయపడినవాళ్ళకిచ్చే ఊండ్ బ్యాడ్జ్ మూడు రకాలు. ఒకటి రెండు గాయాలకు నలుపు, మూడు నాలుగింటికి వెండి, అయిదు, అంతకుమించి అయితే బంగారు. నలుపు పలచని రేకు, వెనకవైపు బోలుగా ఉంటుంది. నల్లదానికి వెండిరంగు పూసి అంతస్తు పెంచి అమ్మడం పాత చిట్కా. వెనక్కి తిప్పి చూస్తే బయటపడుతుంది.

హెల్మెట్: అంచు, గాలిరంధ్రం, స్టిక్కర్

ఉక్కు హెల్మెట్లలో మూడు నమూనాలు. 1935 నాటిదానికి అంచు లోపలికి మడిచి ఉంటుంది, గాలిరంధ్రానికి విడిగా చేసిన చిన్న గొట్టం బిగించి ఉంటుంది. 1940 నాటిదానికి మడత అంచు ఉంటుంది గానీ, గాలిరంధ్రాన్ని రేకులోనే ఉబ్బెత్తుగా నొక్కేశారు. 1942 నాటిదానికి మడతే లేదు, కత్తిరించిన అంచు బయటికి విచ్చుకుని ఉంటుంది. ఒక్కో పని తగ్గించుకుంటూ పోయారన్నమాట. లోపల కంపెనీ అక్షరాలు, కొలత కొట్టి ఉంటాయి: ఈటీ అంటే థాలె కర్మాగారం, క్యూ అంటే ఎస్లింగెన్‌లోని క్విస్ట్. కొలత 64 అని ఉంటే అది గుల్ల కొలత, లోపలి తోలు పట్టీ 56 లేదా 57 తలకు సరిపోతుంది. పట్టీ మీది అంకె, గుల్ల మీది అంకె పొంతన లేకపోతే ఆ రెండూ వేరే చోట్ల నుంచి వచ్చి కలిశాయి.

డబ్బంతా స్టిక్కర్‌లో ఉంది. అదే గుల్ల, స్టిక్కర్ లేకపోతే ఒక ధర, ఎస్ఎస్ (నాజీ పార్టీ సాయుధ దళం) గుర్తు ఉంటే ఇంకో ధర. అందుకే ఎస్ఎస్ స్టిక్కర్లలో నిజమైనవి కంటే అతికించినవి ఎక్కువ. కాలక్రమం ఇక్కడా పనికొస్తుంది. సైన్యం హెల్మెట్ల మీద ఒకవైపు ఉండే మూడు రంగుల డాలు గుర్తును 1940లో తీసేయమన్నారు, గద్ద గుర్తుకు 1943లో మంగళం పాడారు. కాబట్టి 1942 నమూనా గుల్ల మీద రెండు గుర్తులూ మెరుస్తూ ఉంటే, గుల్ల పుట్టకముందే వాడుక పోయిన గుర్తు దాని మీదికి ఎలా వచ్చిందో అమ్మేవాడే చెప్పాలి. భూతద్దంతో చూసేటప్పుడు రంగు మీది గీతలు స్టిక్కర్ మీదుగా తెగకుండా సాగుతున్నాయా అని చూడండి. గీత స్టిక్కర్ అంచు దగ్గర ఆగి, దాని కిందికి దూరి, అవతల తేలితే స్టిక్కర్ తర్వాత వచ్చినట్టు. స్పెయిన్, హంగరీ ఇదే పోలికతో సొంత హెల్మెట్లు చేసుకున్నాయి. స్పెయిన్‌దానికి ముందువైపు గుర్తు తగిలించే కొక్కెం ఉంటుంది. దాన్ని కోసేసి, పూడ్చి, రంగు వేసి జర్మన్‌ది అని అమ్ముతారు. నుదుటి దగ్గర లోపల వేలు పెట్టి తడిమితే అతుకు తగులుతుంది.

గుడ్డ గుర్తుల సంగతి మనవాళ్ళకి కొత్త కాదు. ధర్మవరంలోనో పోచంపల్లిలోనో పట్టుచీర కొనేటప్పుడు పోగు లాగి కాల్చి చూసే పరీక్షే ఇది. ఉన్ని, పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన, నలిపితే పొడి. పాలియెస్టర్ కరిగి ఉండ కడుతుంది, అది కనబడితే వస్తువు యుద్ధకాలానిది కాదు. అతినీలలోహిత దీపం కింద దారం నీలంగా వెలిగినా అనుమానమే. ఇక్కడ ఒక మెలిక ఉంది: నిజమైన కోటును ఎవరైనా ఆధునిక డిటర్జెంట్‌తో ఉతికినా వెలుగుతుంది. ఉతికితే మొత్తం ఒకే తీరుగా వెలుగుతుంది. గుర్తు కుట్టిన దారం ఒక్కటే వెలిగితే ఆ గుర్తును ఈమధ్యే కుట్టారు.

పత్రాల్లో తేదీలు తమలో తాము పోట్లాడుకుంటాయి

లోహం కంటే కాగితం ఎక్కువ మాట్లాడుతుంది. ప్రతి సైనికుడి జేబులో జోల్డ్‌బుఖ్ అనే చిన్న పుస్తకం ఉండేది: జీతం, యూనిట్, రక్తం గ్రూపు, ఆస్పత్రి వివరాలు, టీకాలు, పతకాలు. వేర్‌పాస్ అనే సర్వీసు రికార్డు పుస్తకం వేరు. అతను సర్వీసులో ఉన్నంత కాలం అది యూనిట్ కార్యాలయంలో ఉండేది. ఈ రెంటినీ ఒకటిగా భావించి ‘యుద్ధరంగంలో జేబులో మోసిన వేర్‌పాస్’ అని అమ్మేవాడికి విషయం తెలియదనుకోవాలి, లేదా కొనేవాడికి తెలియదని నమ్మకం ఉందనుకోవాలి.

జోల్డ్‌బుఖ్ మొత్తం నకిలీ చేయడం కష్టం, లాభసాటి కూడా కాదు. జరిగేది అంతస్తు పెంచడం. మామూలు పదాతి సైనికుడి పుస్తకంలో ఖాళీ గడిలో ఒక పెద్ద పతకం రాసి, ఒక ముద్ర కొడతారు. దీన్ని పట్టాలంటే పతకాల పుట్టిన తేదీలు తెలిసుండాలి. ఇన్‌ఫాంట్రీ అసాల్ట్ బ్యాడ్జ్ 1939 డిసెంబర్ 20న, జర్మన్ క్రాస్ 1941 సెప్టెంబర్ 28న, ఈస్టర్న్ ఫ్రంట్ మెడల్ 1942 మే 26న, క్లోజ్ కాంబాట్ క్లాస్ప్ అనే దగ్గరి పోరు బ్యాడ్జీ 1942 నవంబర్ 25న పుట్టాయి. 1942 మార్చిలో క్లోజ్ కాంబాట్ క్లాస్ప్ ఇచ్చినట్టు రాసి ఉంటే పుస్తకం మూసేసి టీ తాగొచ్చు. తర్వాత ఆ రోజున అతనెక్కడున్నాడో చూడాలి. పతకం తేదీన ఆస్పత్రి పేజీ ప్రకారం అతను మంచం మీద ఉంటే? గాయపు బ్యాడ్జీకైతే అది సాక్ష్యం, దగ్గరి పోరు బ్యాడ్జీకైతే ప్రశ్న. మొదటి పేజీలో గుర్తింపు బిళ్ళ మీది అక్షరాలు రాసి ఉంటాయి. బిళ్ళ కూడా కలిపి అమ్ముతుంటే అక్షరం అక్షరం సరిపోవాలి. ఫొటో మీద పడిన ముద్ర గీతలు పేజీ మీది గీతలతో తెగకుండా కలవాలి. ఫొటో బిగించిన పిన్ను తుప్పు మరక వెనక పేజీలోకీ దిగి ఉండాలి.

పేరు, పుట్టిన తేదీ చేతికొచ్చాక జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్‌ను అడగవచ్చు. యుద్ధంలో చనిపోయిన, తప్పిపోయిన సైనికుల వివరాలు చూసే బెర్లిన్ కార్యాలయం 2019 నుంచి అందులో కలిసింది. సమాధానానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏమీ ఉండదు. పోట్స్‌డామ్‌లోని సైనిక ఆర్కైవ్ 1945 ఏప్రిల్ బాంబుదాడిలో కాలిపోయింది. కాబట్టి రికార్డు దొరకకపోవడం నకిలీకి రుజువు కాదు. ఈ సంగతి అమ్మేవాళ్ళకీ తెలుసు.

సంతకం: పెన్ను, పిన్‌కోడ్, మరణ తేదీ

1960ల నుంచి 2000ల దాకా జర్మన్ మాజీ సైనికులకు ఉత్తరం రాసి సంతకం తెప్పించుకోవడం ప్రపంచమంతటా ఒక పెద్ద వ్యాపకం. 352 విమానాలు కూల్చిన ఎరిక్ హార్ట్‌మన్, 275 కూల్చిన గ్యుంటర్ రాల్, ఆడోల్ఫ్ గాలండ్, జలాంతర్గామి కెప్టెన్లు ఒట్టో క్రెష్మర్, ఎరిక్ టాప్, చివరికి అడ్మిరల్ డ్యోనిట్స్ కూడా ఉత్తరాలకి జవాబిచ్చేవారు. టైగర్ ట్యాంకు కమాండర్ ఒట్టో కారియస్ యుద్ధం తర్వాత మందుల దుకాణం పెట్టుకుని దానికి టైగర్ అనే పేరు పెట్టాడు. అందుకే వీళ్ళ యుద్ధానంతర సంతకాలు చాలా ఉన్నాయి, అరుదేమీ కాదు. అరుదైనవి యుద్ధకాలంలో పెట్టినవి, యుద్ధంలోనే పోయినవాళ్ళవి. ధర అక్కడుంది, మోసమూ అక్కడే ఉంది.

మొదట చావు తేదీలు రాసిపెట్టుకోండి. జలాంతర్గామి కెప్టెన్ గ్యుంటర్ ప్రీన్ 1941 మార్చిలో, పైలట్ మార్సెయ్ 1942 సెప్టెంబర్ 30న, ట్యాంకు కమాండర్ విట్‌మన్ 1944 ఆగస్టు 8న, ఫీల్డ్ మార్షల్ రోమెల్ అదే ఏడాది అక్టోబర్ 14న పోయారు. వీళ్ళెవరూ బాల్‌పెన్ పట్టుకోలేదు. బాల్‌పెన్ జనం చేతికొచ్చింది 1945 చివర్లో అమెరికాలో. జర్మనీకి ఇంకా తర్వాతే. ఫెల్ట్ మార్కర్లయితే ఇంకా తర్వాతి మాట. యుద్ధకాలపు సంతకం ఇంకు పెన్నుతో ఉంటుంది, లేదా తడి తగిలితే ఊదారంగుకు తిరిగే కాపీయింగ్ పెన్సిల్‌తో ఉంటుంది. ఇంకు కాగితం పోగుల్లోకి కొద్దిగా పాకుతుంది. బాల్‌పెన్ గీత మధ్యలో గాడి వేస్తుంది. కాగితాన్ని ఏటవాలు వెలుతురులో పెడితే ఆ గాడి కనిపిస్తుంది.

తర్వాత మనిషి ఆ తేదీకి ఎక్కడున్నాడో చూడాలి. హార్ట్‌మన్ 1945 నుంచి 1955 అక్టోబర్ దాకా సోవియట్ చెరలో ఉన్నాడు, 1950లో ఎవరికో ఫొటో మీద ‘అభినందనలతో’ అని రాసిచ్చే అవకాశం లేదు. అతని నైట్స్ క్రాస్‌కు వజ్రాల అలంకారం దక్కింది 1944 ఆగస్టులో. అది మెడలో ఉన్న ఫొటో మీద 1943 తేదీతో సంతకం ఉందంటే, ఒకటి తప్పు. డ్యోనిట్స్ 1956 అక్టోబర్ 1న, హిట్లర్ మంత్రి స్పీర్ సరిగ్గా పదేళ్ళ తర్వాత అదే రోజున స్పాండావ్ జైలు నుంచి బయటికొచ్చారు. జైలు కాలపు తేదీతో అభిమానికి రాసిన కార్డు దొరికిందంటే నమ్మే ముందు గట్టి ఆధారం అడగాలి.

కవరు ఉంటే పారేయకండి, సంతకం కంటే అదే ఎక్కువ చెబుతుంది. పశ్చిమ జర్మనీలో నాలుగంకెల పిన్‌కోడ్ 1961లో మొదలైంది, అయిదంకెలది 1993 జూలై 1న. హార్ట్‌మన్ వైల్ ఇమ్ షోన్‌బుఖ్ అనే ఊళ్ళో 1993 సెప్టెంబర్ 20న కన్నుమూశాడు. అంటే అతను అయిదంకెల కోడ్ రాయగలిగింది మూడు నెలలలోపే. ఆ కోడ్‌తో, ‘1980లలో వచ్చిన ఉత్తరం’ అనే కథతో ఉన్న కవర్లు ఈ లెక్క తెలియనివాళ్ళ పనితనం.

ఫొటో కాగితం ఇంకో సాక్షి. ప్లాస్టిక్ పూతతో ఉండే ఫొటో కాగితం 1960ల చివర్లో గానీ వ్యాపించలేదు. యుద్ధకాలపు ప్రింటు నార కాగితం మీద ఉంటుంది, ఎనభై ఏళ్ళకి కాస్త వంకర తిరుగుతుంది, నీడలున్న చోట్ల వెండి అద్దంలా తేలుతుంది. ఒక చిక్కు: యుద్ధకాలపు పాత పోస్ట్‌కార్డు మీద 1980లలో సంతకం పెట్టించుకున్నవి చాలా ఉన్నాయి. అది మోసం కాదు, ‘యుద్ధకాలపు సంతకం’ అని అమ్మితేనే మోసం. ఇలాంటి చోట చేతిరాత పనికొస్తుంది. ముప్ఫై ఏళ్ళ పైలట్ సంతకం వేగంగా, ఒక్క గుక్కలో పడుతుంది. ఎనభై ఏళ్ళవాడిది వణుకుతుంది. నకిలీ చేసేవాడిదీ వణుకుతుంది, కానీ వేరే రకంగా. ముసలి చేయి అంతటా వణుకుతుంది. కాపీ చేసే చేయి మలుపుల దగ్గర ఆగి, తలెత్తి నమూనా చూసి, మళ్ళీ కదులుతుంది. ఆగినచోట ఇంకు చుక్క కడుతుంది.

రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు పడితే అచ్చుగుద్దినట్టు ఒకటే అయితే సంబరపడకండి. ఏ మనిషీ రెండుసార్లు సరిగ్గా ఒకేలా సంతకం పెట్టడు. సంతకాన్ని తనే గీసే ఆటోపెన్ యంత్రమో, ముద్రించిన సంతకమో అయివుంటుంది. ముద్రించినదైతే భూతద్దం కింద గీత చుక్కలుగా విడిపోతుంది. ఇక ‘అసలుదని ధ్రువీకరణ పత్రం’ అంటారా, ఇచ్చినవాడు ఎంత గట్టివాడో ఆ పత్రం అంతే గట్టిది. కుయావ్ కూడా తన నకిలీలకి ధ్రువీకరణ కాగితాలు జతచేసేవాడు.

బెర్లిన్ నుంచి హైదరాబాద్ దాకా

ఈ రంగంలో మనకి నేరుగా సంబంధించిన మూల ఒకటుంది. ఉత్తరాఫ్రికాలో పట్టుబడిన భారతీయ సైనికుల నుంచి సుభాష్ చంద్రబోస్ జర్మనీలో ఏర్పరచిన దళం జర్మన్ సైన్యంలో 950వ రెజిమెంట్. ఇంజినీరింగ్ చదవడానికి జర్మనీ వెళ్ళిన హైదరాబాదీ ఆబిద్ హసన్ బోస్‌కు కార్యదర్శి అయ్యాడు. 1943 ఫిబ్రవరిలో కీల్ నుంచి యూ-180 జలాంతర్గామిలో ఆయనతో కలిసి బయల్దేరి, ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ దగ్గర జపాన్ జలాంతర్గామిలోకి మారాడు. ‘జై హింద్’ నినాదం ఆయన ఇచ్చిందేనంటారు.

ఆ దళం చేతి గుర్తు దూకే పులి, మూడు రంగుల నేపథ్యం, పైన జర్మన్‌లో ‘స్వతంత్ర భారతం’. బోస్ 1942లో నెలకొల్పిన ఆజాద్ హింద్ పతకాలు తయారైంది వియన్నాలో, పైన చెప్పిన సువాల్ సంస్థలోనే. యుద్ధం తర్వాత ఆ సంస్థ పాత నమూనాలు మళ్ళీ కొట్టిందని చూశాం కదా, ఈ పతకాలకూ అదే గతి. ఇప్పుడు ‘నేతాజీ పతకం’ అని తిరిగేవాటిలో తర్వాత కొట్టినవి దండిగా ఉన్నాయి. భారతీయ కొనుగోలుదారుడికి ఇందులో దేశభక్తి కలుస్తుంది కాబట్టి బేరం కూడా సరిగా ఆడడు. ఆజాద్ హింద్ స్టాంపుల విషయంలో ఒక్క సంగతి చాలు. 1943లో బెర్లిన్ ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయినా అవి తపాలా వాడుకలోకి రాలేదు. అందుకే మామూలు తపాలాలో ప్రయాణించినట్టు ముద్ర పడిన కవరు చూపిస్తే, ముందు ఆ కవరు కథ పక్కన పెట్టండి.

ఎక్కడ ఏది నేరం

జర్మనీ శిక్షాస్మృతి 86ఏ సెక్షన్ ప్రకారం నాజీ చిహ్నాలను బహిరంగంగా వాడితే మూడేళ్ళ దాకా జైలు లేదా జరిమానా. విద్య, పరిశోధన, కళ, చరిత్ర వివరణకు మినహాయింపులున్నాయి. ఇంట్లో సేకరణ పెట్టుకోవడం నేరం కాదు, ప్రదర్శించడం ఇబ్బంది. అందుకే అక్కడి వేలం జాబితాల్లో స్వస్తిక్ మీద చిన్న తెల్ల చీటీ అతికించిన ఫొటోలు కనిపిస్తాయి. ఆస్ట్రియాలో ఇంకా కఠినం. ఈబే ఇలాంటివాటిని అమ్మనివ్వదు.

ఆస్ట్రేలియాలో ఉండే తెలుగువాళ్ళు ప్రత్యేకంగా గమనించాలి. 2024 జనవరి 8 నుంచి అక్కడ హాకెన్‌క్రాయిట్స్ అనే నాజీ స్వస్తిక్‌నూ, ఎస్ఎస్ గుర్తునూ బహిరంగంగా చూపడం, వాటితో వ్యాపారం చేయడం జాతీయ చట్టం కింద నేరం. గుమ్మానికి పసుపుకుంకుమలతో వేసే స్వస్తిక్‌కు మతపరమైన మినహాయింపు ఉంది. ఆన్‌లైన్‌లో బ్యాడ్జీ అమ్మడానికి ఆ మినహాయింపు వర్తించదు.

భారత్‌కు తెప్పించుకునేవాళ్ళకి: అధికారుల బాకులు, బయొనెట్లు ఆయుధాల చట్టం పరిధిలోకి వస్తాయి. లైసెన్సు లేకుండా తెప్పిస్తే కస్టమ్స్‌లో ఆగుతాయి. పురాతన వస్తువనే మాట ఇంకా చెల్లదు, ఎందుకంటే వందేళ్ళు నిండలేదు. పతకం, పత్రం, సంతకం తేలిక. బాకు తలనొప్పి.

కొనకూడనివి, దాచే తీరు

గుర్తింపు బిళ్ళలు అండాకారంలో, మధ్యలో విరవడానికి వీలుగా గాట్లతో ఉంటాయి. సైనికుడు చనిపోతే కింది సగం విరిచి రికార్డుకు పంపేవారు, పై సగం శవంతో ఉండేది. ఆ పై సగం, లేదా విరగని పూర్తి బిళ్ళ, మట్టి తుప్పుతో లాట్వియా నుంచో రష్యా నుంచో అమ్మకానికి వచ్చిందంటే అది సమాధిని తవ్వి తీసింది అయివుండొచ్చు. ఆ సైనికుడి పేరు తెలుసుకునే ఆఖరి దారి అదే. యుద్ధ సమాధులు చూసే జర్మన్ సంస్థ ఫోక్స్‌బుండ్ ఇంకా అలాంటి వాళ్ళని వెతుకుతూనే ఉంది. నిర్బంధ శిబిరాలకు చెందినవంటూ అమ్మే వస్తువులు కూడా వద్దు. చాలావరకు నకిలీవి, నిజమైతే మ్యూజియంలో ఉండాల్సినవి.

విమానాల మీటర్లు, దిక్సూచులు, 55 మిల్లీమీటర్ల పెద్ద పైలట్ గడియారాల అంకెలకు రేడియం రంగు పూసేవారు. ఇప్పుడు చీకట్లో వెలగవు, అలాగని చల్లబడలేదు. వెలిగే పదార్థం చచ్చింది గానీ రేడియం సగం కావడానికి 1,600 ఏళ్ళు పడుతుంది. అద్దం విప్పొద్దు, రాలిన పొడి ఊదొద్దు, పడగ్గదిలో పెట్టొద్దు.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఇనుప పలక ఒక్క వర్షాకాలంలో తుప్పు చుక్కలు పెడుతుంది. గదిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచడం కుదరకపోతే, గట్టిగా మూతపడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారగానే మార్చండి. లోహానికి మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా చాలు. తోలు పట్టీనీ ఇత్తడి బకిల్‌నీ కలిపి ఉంచితే పచ్చని జిడ్డు పడుతుంది, మధ్యలో ఆమ్లం లేని కాగితం పెట్టాలి. సంతకాలూ ఫొటోలూ పీవీసీ ఆల్బమ్‌లో పెడితే కొన్నేళ్ళకి ఇంకు కవరుకు అంటుకుని లేచి వస్తుంది. పాలియెస్టర్ కవర్లు వాడండి. ఫ్రేము కట్టించి ఎండ పడే గోడకి వేలాడదీస్తే ఇంకు వెలిసిపోతుంది. గోడకి స్కాన్ చేసిన నకలు కట్టించండి, అసలు డ్రాయర్‌లో ఉండనీయండి. ఫ్రేము వెనక ‘ఇది నకలు’ అని రాసిపెట్టండి, లేకపోతే ఇరవై ఏళ్ళకి మీ ఇంట్లోవాళ్ళే దాన్ని అసలుదని అమ్ముతారు.